కొడుకు గొంతు, బిడ్డ మాట

జగిత్యాల బస్టాండులో దిగేసరికి పరశురాములు చేతిలో ఉన్న సరుకు ఇంతే: సిరిసిల్ల తువ్వాలల సంచి, ముసలి వేషానికి చేతికర్ర, చొక్కా గుండీలో దాచిన కెమెరా, చెవిటివాళ్లు పెట్టుకునే చెవిమిషన్‌లా కనబడే రేడియో, సగం అంటుకుని సగం ఊడుతున్న తెల్లమీసం. ఇవన్నీ శాఖ ఇచ్చినవి. సొంతంగా తెచ్చుకున్నది ఒక్కటే, కోపం.

బోర్డు లేని ఆ రహస్య విభాగాన్ని లోపలివాళ్లు 'శాఖ' అనే అంటారు. బట్టల వ్యాపారం చేసుకుంటున్న పరశురాములును వాళ్లు ఊరికే తీసుకోలేదు. తువ్వాలలు అమ్మేవాడు తొక్కని వీధి ఉండదు, వాణ్ని ఎందుకొచ్చావని అడిగేవాడూ ఉండడు. అదీ శాఖ లెక్క. పరశురాములు లెక్క వేరు. ఇచ్చిన పనిముట్లలో పనిచేసేదెంత, పరువు తీసేదెంత అని అతను ఎప్పటికప్పుడు కూడికలు తీసివేతలు వేసుకుంటూనే ఉంటాడు. ఇవాళ పొద్దున్నుంచీ తీసివేతలే. మంగళవారం కావడంతో బస్సు నిండా కొండగట్టు మొక్కుల జనం. ఎవరి మోచేయో తగిలి మీసం కుడికొస ముందే లేచింది.

"కండె, కండె. వినబడుతోందా?" చెవిలో సాయికుమార్. నూలు చుట్టే కండె పేరే శాఖ పరశురాములుకు పెట్టిన రహస్య నామం. శాఖలో సాంకేతిక పనులన్నీ అతనివే. హైదరాబాదులో ఏసీ గది, మెత్తటి కుర్చీ.

"వినబడుతున్నది. చెప్పు."

"చీఫ్ లైన్లోకి వస్తున్నారు."

చీఫ్ వెంకటేశం మాటకు మాట అతికించడు. "టార్గెట్ ఎకో. విదేశీ ముఠా. సాయంత్రం ఆరింటికి ఆపరేషన్. జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల. గల్ఫ్‌లో మనిషి ఉన్న ప్రతి ఇంటికీ ఫోన్ కాల్. ఆ మనిషి గొంతుతోనే. మిషన్ ఎక్కడుందో తెలియదు. కనిపెట్టు, ఆపు."

"మరి నవత సంగతి?"

"అమ్ముడుపోయింది. కనబడగానే పట్టుకో."

నవతను ముఠాలోకి పంపింది శాఖే. కోనరావుపేట పిల్ల. సిరిసిల్లలో పెళ్లికూతుళ్లకు మేకప్ స్టూడియో నడుపుతుంది. నల్లద్దాలు, ఎర్ర లిప్‌స్టిక్, తెల్ల కారు. ఆమె వీధిలో నడిస్తే సాంచెల, అంటే మరమగ్గాల, చప్పుడు కూడా ఒక్క క్షణం ఆగినట్టుంటుందని జనం అంటారు. తెలుగులో మాటలు రాసిపెట్టే మనిషి కావాలని ముఠా వెతికితే శాఖ ఆమెను చొప్పించింది. కొన్నాళ్లు వార్తలు పంపింది. తర్వాత ముఠా ఒక ట్రయల్ కాల్ చేసింది. ఆ కాల్‌లో మిషన్ పలికిన ప్రతి మాటా నవత రాసిందేనని తేలింది. అప్పటినుంచి ఆమె దగ్గర్నుంచి ఉలుకూ పలుకూ లేదు.

ఆ ట్రయల్ కాల్ పోయింది పరశురాములు అక్క బాలవ్వకు.

ఆమె కొడుకు వేణు దుబాయిలో ఉంటాడు. వాడి గొంతుతో మిషన్ ఏడ్చింది, ఆమె మోసపోయి బ్యాంకులో డబ్బు పోగొట్టుకుంది. అంతటితో పోతే నష్టం అనుకుని ఊరుకునేవాడు పరశురాములు. కానీ ఆ రోజు నుంచి అసలు వేణు ఫోన్ చేసినా ఆమె ఎత్తడం లేదు. అసలుకే ఎసరు వచ్చింది. ఈ మూడు ఊళ్లలో మనిషి గల్ఫ్‌లో ఉంటాడు, ఇంట్లో ఉండేది వాడి గొంతు. ఆ గొంతు చెల్లని నాణెమైతే ఇక ఇంట్లో మిగిలేదేమిటి? ఆరింటికి ఆ పని ప్రతి ఇంట్లో జరగబోతోంది.

ముఠా వాడే పనిముట్టు సంగతి కూడా చెప్పుకోవాలి. కంప్యూటర్లో నల్లటి తెర, దానిమీద తెల్లటి అక్షరాలు. బొమ్మల్లేవు, బటన్లు లేవు, అన్నీ కమాండ్లే. ఒక మాట రాస్తారు. అవతలివాళ్లు ఏమేం జవాబు చెప్పొచ్చో దాని కింద కొమ్మలుగా రాస్తారు. ఒక్కో కొమ్మకు మరో మాట, మళ్లీ కొమ్మలు. చివరికి ఒక ఆకు, అంటే పని ముగిసిన చోటు. ఆ డైలాగ్ ట్రీని పట్టుకుని మిషన్ మనిషిలా మాట్లాడుతుంది. శాఖ దాన్ని కాపీ కొట్టి, తనవాళ్లు కోడ్ మాటలు తప్పకుండా ఉండటానికి అలాంటిదే ఒకటి చేయించింది. పేరు కూడా 'శాఖ' అనే పెట్టింది. కొమ్మకూ విభాగానికీ ఒకే మాట కలిసొచ్చిందని సాయికుమార్ మురిసిపోయాడు. పరశురాములు మురవలేదు.

బస్టాండు మూల టీ కొట్టు మల్లేశానిది. శాఖకు వార్తలు చేరవేసే మనిషే. ఇద్దరూ ఒకరినొకరు ఎన్నడూ చూడలేదు కాబట్టి కోడ్ తప్పనిసరి.

"ధర్మపురి బస్సు ఎప్పుడు?" చెవిలో పడ్డ వాక్యాన్ని పొల్లుపోకుండా అప్పజెప్పాడు పరశురాములు.

ట్రీలో దీని కింద మూడు కొమ్మలున్నాయి. పోయింది, వస్తుంది, తెలియదు.

మల్లేశం గ్లాసు కడుగుతూ తలెత్తాడు. "ఎందుకు బాపు? ఎవలన్న కాలం చేసిన్రా?"

చెవిలో యంత్రం పలికింది: "నోడ్ దొరకలేదు."

ఆ జవాబుకు ట్రీలో కొమ్మ లేదని అర్థం. "మళ్లీ అడగండి సార్," అన్నాడు సాయికుమార్.

"ధర్మపురి బస్సు ఎప్పుడు?"

"చెప్తలేవు గద. పిండాలకా, దర్శనానికా?"

"నోడ్ దొరకలేదు."

"సార్, మూడింట్లో ఒకటి చెప్పమనండి ఆయన్ని."

"కోడ్ మాటకు జవాబు నేనే చెప్పిస్తే గది కోడెట్లయితది సాయికుమార్?"

గట్టిగానే అనేశాడు. మల్లేశం జాలిగా చూశాడు. "చెవుడుతోని పాటు ఒక్కనివే మాట్లాడుకునే బాధ గూడ ఉన్నదా బాపు నీకు?"

పరశురాములు ఓపిక అక్కడితో అయిపోయింది. సంచిలోంచి ఒక తువ్వాల లాగి బల్లమీద పరిచాడు. "సిరిసిల్ల సరుకు. కొంటవా, కొనవా?"

మల్లేశం మొహం విప్పారింది. "తువ్వాలలోడివా! మొదలే చెప్పరాదు? గీ బస్సు ముచ్చట ఎవడు రాసిండన్నా? ధర్మపురి బస్సు టైం గోడకు రాసి లేదా? ఎవడడుగుతడు?" గొంతు తగ్గించాడు. "నవతమ్మ కబురు పంపింది. నువ్వు మొదలు కోరుట్లల మీ అక్క ఇంటికి పోవాల్నట. గా దినం మిషను ఏమన్నదో ఒక్క మాట గూడ ఇడువకుంట యాది చేయించుమన్నది. తర్వాత బస్టాండుకాడ కలుస్తనన్నది."

"ట్రాప్," అన్నాడు చీఫ్ చెవిలో. "జాగ్రత్త."

* * *

బాలవ్వ అరుగుమీద చాట ఒళ్లో పెట్టుకుని బీడీలు చుడుతోంది. చెవిమిషను, తెల్లమీసం, వంగిన నడుము, చేతికర్రతో ఒక ముసలివాడు గడప ముందు నిలబడితే తల కూడా ఎత్తలేదు.

"ఏంది తమ్మీ, నాటకాలల్ల చేరినవా? మీసం ఊడుతున్నది."

పరశురాములు నడుము నిటారు చేశాడు. శాఖ వేషాల మాస్టారు పొద్దున గంటసేపు పడ్డ శ్రమ ఖర్చుల్లో పోయింది.

ఆకుల గంప కింద బోర్లించిన ఫోన్ మోగింది. తెరమీద వేణు పేరు. బాలవ్వ చేతులు ఒక్కసారి ఆగి మళ్లీ బీడీ చుట్టాయి.

"ఎత్తు అక్కా."

"ఎవల్ని ఎత్తుమంటవు? గొంతు వానిదే ఉంటది. గా దినం గూడ వానిదే ఉండె."

ఫోన్ మోగి మోగి ఆగిపోయింది. ఆమె మొహం ఇటు తిప్పలేదు. ఏడుస్తోందని వీపు చూస్తేనే తెలుస్తోంది.

"గా దినం మిషను ఏమన్నదక్కా? ఒక్కొక్క మాట చెప్పు."

"ఎన్నిసార్లు చెప్పాలె? 'అమ్మా, నేను నీ బిడ్డను' అన్నది. యాక్సిడెంటైంది, దవాఖానల ఉన్న అన్నది. ఫోన్ల అంకెలస్తయి చెప్పు అన్నది. చెప్పిన."

"ఆగు. నీ బిడ్డను అన్నదా?"

"అన్నది. నాకూ అనుమానమే అయింది, మొగపోరడు బిడ్డనంటున్నడేందని. గని ఏడుపు అచ్చం వేణుగానిదే. గప్పుడు పేగు ఊకుంటదా?"

పరశురాములు సంచి కింద పెట్టి గడప మీదే కూర్చుండిపోయాడు. ఈ ఊళ్లలో పిలవడానికి ఎవరినైనా 'బిడ్డా' అంటారు. కానీ ఫలానావాళ్ల బిడ్డ అంటే కూతురే. కొడుకు కొడుకే. ప్రాణం పోతున్నా మగవాడు తల్లితో 'నీ బిడ్డను' అనడు. ఆ తేడా దేశం బయట కూర్చున్న ముఠాకు తెలియదు. హైదరాబాదులో సాయికుమార్‌కూ తెలియదు, తనకెన్నడూ వినిపించని ఆ కాల్ రికార్డింగును పదిమార్లు విన్న చీఫ్‌కూ తెలియదు. కానీ రాసింది కోనరావుపేట మనిషి. ఆమెకు తెలియకపోవడమేమిటి?

వ్యాపారం చేసే రోజుల్లో అతను తన తువ్వాలల అంచులో ఒక్క పోగు వేరే రంగుది వేయించేవాడు. సరుకు ఎవరైనా దొంగిలిస్తే ఎక్కడ కనబడ్డా పట్టుకోవచ్చు. ఇదీ అలాంటి పోగే. నవత అమ్ముడుపోలేదు. ఈ ఊళ్ల తల్లులకు అనుమానం రావాలని ఆ మాటను కావాలనే అక్కడ పెట్టింది.

లేచి సంచి భుజానికి వేసుకున్నాడు. "అక్కా, ఇగ నుంచి ఫోనస్తే ఎత్తు. ఎవలన్న గానీ. గని జవాబు చెప్పకు. నువ్వే అడుగు. బేరంల మొదలు ధర చెప్పినోడే మునుగుతడు."

"నీకు బేరం నేర్పిందెవలురా? నువ్వు నాకు నేర్పుతున్నవా?"

చెవిలో యంత్రం పలికింది: "నోడ్ దొరకలేదు." పిలవని పేరంటం. సాయికుమార్ దాన్ని ఆపడం మరిచిపోయాడు.

* * *

కోరుట్ల బస్టాండు బయట తెల్ల కారు వచ్చి పక్కన ఆగింది. అద్దం దిగింది. నల్లద్దాల వెనక నుంచి నవ్వు.

"సిరిసిల్ల తువ్వాలలు కోరుట్లల అమ్ముడుపోతయా బాపు? ఎక్కుండ్రి."

"కండె! అదే నవత! పట్టుకో!" చీఫ్ అరిచాడు.

పరశురాములు చెవిమిషన్ తీసి జేబులో పడేసి కారెక్కాడు. కారు కథలాపూర్ దాటింది. ఆ తర్వాత అతనే అడిగాడు. "బిడ్డ అని ఎందుకు రాసినవమ్మా?"

నవత నల్లద్దాలు తీసింది. కళ్ల కింద నిద్రలేని నలుపు ఉంది. ఎంత మేకప్ వేసినా దాగలేదు.

"మీ ఆఫీసుల ఒక్కడన్న పట్టుకుంటడని రాసిన కాకా. రోజూ ఎదురుచూసిన. ఎవడు పట్టలే. పైంగ నన్నే దొంగను చేసిన్రట గద?"

"ముఠావాళ్లకు అనుమానం రాలేదా?"

"వాళ్లకు తెలుగెక్కడిది? మిషన్ల వేసి చూసుకున్నరు. బిడ్డ అంటే సంతానం అని వచ్చింది. ఓకే అన్నరు. మీ అక్కకు తాకుతదని నాకెరుకలేదు కాకా, దేవుని సాక్షి. మా ఫోన్ల మీద వాళ్ల కన్నుంటది, అందుకే మల్లేశం తాతతోని కబురు పంపిన."

మిగతాది ఆమె గబగబా చెప్పింది. మిషన్ సిరిసిల్లలో మూతపడ్డ సాంచెల షెడ్డులో ఉంది. కాపలా ప్రేమ్‌కుమార్. సిరిసిల్ల వాళ్ల కొడుకే గాని పుట్టి పెరిగింది మహారాష్ట్రలోని భివండిలో. తెలుగు మాట్లాడతాడు, చదవలేడు, అందుకే ఆమె రాసింది ఎన్నడూ చూడలేదు. కరెంటు తీసేస్తే లాభం లేదు, బ్యాటరీలున్నాయి. ఆరింటికి మొదట ఒక్క ఇంటికి టెస్ట్ కాల్ పోతుంది. అది ఆకుదాకా చేరితేనే మిగతా ఇళ్లన్నిటికీ దారి తెరుచుకుంటుంది.

"ఆ ఒక్క ఇల్లు ఎవరిది?"

"నాకు చెప్పరు. గని ఇంతకుముందు పనిచేసిన ఇల్లే మళ్లొకసారి పెడుతరు గద, నువ్వైనా గంతే గద?"

ఒకసారి కొన్న గిరాకీ దగ్గరికే ఏ వ్యాపారి అయినా మళ్లీ పోతాడు.

వేములవాడ దగ్గర యాత్రికుల వాహనాలు దారి నిండా ఇరుక్కున్నాయి. పరశురాములు పక్క సీట్లోంచి చెయ్యి చాచి హారన్ నొక్కుతూనే ఉన్నాడు. ముందున్న ఆటోవాడు తల బయటపెట్టి, "మీద నుంచి ఎగిరిపోతవా పెద్దమనిషీ?" అన్నాడు.

* * *

షెడ్డు బయట సాంచెల చప్పుడు, లోపల దుమ్ము. మూల బల్లమీద నల్లటి తెర. ప్రేమ్‌కుమార్ నడుముకు పిస్టల్.

"ఎవరు వీడు?"

"ముసలి గొంతు ఒకటి కావాలంటివి గద, తండ్రుల కాల్స్‌కు. తెచ్చిన," అంది నవత. "చెవుడు. ఏం మాట్లాడినా వినబడది."

ఆ మీసం, ఆ నడుము పొద్దున్నుంచి చేసిన మొదటి ఉపకారం అదే. పరశురాములు నోరు తెరిచి వెర్రిచూపు చూస్తూ కండెల బుట్ట పక్కన కూలబడ్డాడు.

ఆరైంది. తెరమీద తెల్లటి అక్షరాలు కదిలాయి. మొదటి నంబరు వచ్చింది. పరశురాములుకు నోటికి వచ్చిన నంబరే. కోరుట్ల. బాలవ్వ.

మోగుతోంది. ఎత్తకపోతే మిషన్ మరో ఇంటికి పోతుంది. ఎత్తితే ఏమవుతుందో తెలియదు. పరశురాములు తువ్వాల సంచిని గుండెకు హత్తుకున్నాడు.

"హలో, ఎవలూ?" స్పీకర్లో బాలవ్వ.

వేణు ఏడుపు షెడ్డంతా నిండింది. "అమ్మా, నేను నీ బిడ్డను."

"ఎవలి బిడ్డవు?"

"నీ బిడ్డనమ్మా. యాక్సిడెంట్ అయింది."

"నాకు బిడ్డెక్కడిది? ఒక్కడే కొడుకు. నువ్వెవలి బిడ్డవే తల్లీ?"

తెరమీద ఒక వరుస పడింది. నోడ్ దొరకలేదు. మొదటికి వెళ్తోంది.

"అమ్మా, నేను నీ బిడ్డను." అదే ఏడుపు, అదే ఎక్కిళ్లు.

"మళ్ల గదే అంటవేంది? ఆడపిల్లవు గద, మొగగొంతేంది? జలుబైందా?"

నోడ్ దొరకలేదు. మొదటికి వెళ్తోంది.

"అమ్మా, నేను నీ బిడ్డను."

"మీ అవ్వకు ఎరుకేనా నువ్విట్ల ఊరంత ఫోన్లు చేస్తున్నట్టు?"

ప్రేమ్‌కుమార్ బల్లను గుద్దాడు. "అరే యార్! ఒక్క మాటకన్న అవునో కాదో చెప్పరాదా గీ ముసల్దానికి?"

పొద్దున టీ కొట్టు దగ్గర సాయికుమార్ అన్న మాటే శత్రువు నోట వింటుంటే పరశురాములుకు వాడిమీద క్షణంపాటు జాలి కూడా కలిగింది. అంతలోనే ప్రేమ్‌కుమార్ చెయ్యి గాల్లో ఆగిపోయింది. మిషన్ ఏడుపును మొదటిసారి చెవిపెట్టి విన్నాడు. భివండిలో పెరిగినా ఇంట్లో తల్లి మాట్లాడిన తెలుగు ఒకటుంది కదా.

"బిడ్డ?" మెల్లగా నవత వైపు తిరిగాడు. "మొగోనికి బిడ్డ అని రాసినవా? నువ్వు? కోనరావుపేటల పుట్టి?"

పిస్టల్ బయటికి వచ్చింది. దాన్ని నవతకు గురిపెట్టి, ఎడమచేత్తో తెరమీద కమాండ్ కొట్టసాగాడు. టెస్ట్ వద్దు, అన్ని ఇళ్లకూ ఒకేసారి. కోపంలో ఒక అక్షరం తప్పింది. కమాండ్ దొరకలేదు అంది తెర. బూతు తిట్టి మళ్లీ కొట్టాడు. ఈసారి తప్పలేదు. ఇక ఒక్క ఎంటర్ మిగిలింది.

చెవిటి ముసలివాడు లేచాడు. తువ్వాల ఒకటి ప్రేమ్‌కుమార్ మొహం మీద పడింది, ఇంకొకటి పిస్టల్ చేతికి చుట్టుకుని మెలిపడింది. సిరిసిల్ల నేత, చిరగదు. పిస్టల్ కండెల బుట్టలో పడింది. కింద పడుతూ పడుతూ వాడి మోచేయి కీబోర్డును గుద్దింది.

తెరమీద అంకెలు వెలిగాయి. అన్ని ఇళ్లకూ కాల్స్. పది. తొమ్మిది.

పరశురాములు వాడి వీపుమీద కూర్చుని జేబులోంచి చెవిమిషన్ లాగి పెట్టుకున్నాడు. "సాయికుమార్! దీన్ని ఎట్ల ఆపాలె?"

"సార్! ఎక్కడికి పోయారు? ఇప్పుడు ఏ కొమ్మలో ఉన్నారు?"

"కొమ్మ గాదయ్యా, మొదలే నరకాలె! ఎట్ల?"

"కంట్రోల్ పట్టుకుని సి కొట్టండి సార్. అంతే."

"కంట్రోలేది?" ఎన్నేళ్లో వాడిన ఆ కీబోర్డు మీద అక్షరాలన్నీ అరిగిపోయాయి. అన్ని మీటలూ ఒక్కలాగే నల్లగా ఉన్నాయి.

మూడు. రెండు.

అతని భుజం మీదుగా ఎర్రరంగు గోళ్లు వచ్చి రెండు మీటలు నొక్కాయి. టక్కుమని ఒక గోరు విరిగింది. అంకె 'ఒకటి' దగ్గర ఆగిపోయింది. దాని పక్కన కర్సర్ ఏమీ తెలియనట్టు మిణుకుమిణుకుమంటోంది.

స్పీకర్లో బాలవ్వ ఇంకా ఆగలేదు. "పలుకవేందే? పెట్టేసినవా? ఎవరి పిల్లవో గాని, తిన్నవా లేదా?"

* * *

ప్రేమ్‌కుమార్‌నూ మిషన్‌నూ రాత్రే శాఖకు అప్పజెప్పి, మర్నాడు పరశురాములు కోరుట్లలో అక్క అరుగుమీద కూర్చున్నాడు. మీసం లేదు, కర్ర లేదు. ఫోన్ మోగింది. తెరమీద వేణు. బాలవ్వ తమ్ముడి వైపు చూసి, చీర కొంగుతో చెయ్యి తుడుచుకుని ఎత్తింది.

"ఎవలు?"

"నేనే అవ్వా."

"నేనంటే ఎవలు?"

"ఇంకెవలుంటరే నీకు? ఇక్కడ ఫోర్‌మన్ తిట్లు సాలవన్నట్టు నీ పరీక్షలు గూడనా? ఇన్నొద్దులు ఎందుకు ఎత్తలేవు? పానం మంచిగున్నదా?"

వరసగా నాలుగు ప్రశ్నలు. మిషన్ ఎన్నడూ ఒక్కటి కూడా ఇలా ఎదురు అడగలేదు. బాలవ్వ ఫోన్‌ను చెవికి గట్టిగా అదుముకుంది. కళ్లు నిండాయి.

"వాడే తమ్మీ," అంది. తర్వాత ఫోన్లోకి, "తిన్నవా బిడ్డా?"

తల్లి కొడుకును అలా పిలవొచ్చు. అందులో తప్పు లేదు.

చివరికి పరశురాములు లెక్క చూసుకున్నాడు. పోయినవి: ఒక మీసం, రెండు తువ్వాలలు, నవత గోరు, ముఠా ఇకమీద నమ్మని ఒక డబుల్ ఏజెంటు. మునగకుండా మిగిలింది: మూడు ఊళ్లలో ఫోన్లోంచి వచ్చే గొంతు. చేతికి వచ్చింది: అరుగుమీద తల్లీకొడుకుల పోట్లాట. అది ఇంకా నడుస్తూనే ఉంది.

సాయంత్రం శాఖ నుంచి ఆపరేషన్ రిపోర్టు పంపమని కొత్త టూల్ వచ్చింది. నల్లటి తెర, తెల్లటి అక్షరాలు. మొదటి ప్రశ్న: ఈ ఆపరేషన్‌లో లాభమా, నష్టమా?

"ఎవరికి?" అని కొట్టాడు పరశురాములు.

నోడ్ దొరకలేదు.